పదహారు ప్యాడ్లు, ఒక డప్పు

ఈ పుటకు చాలా దినాల తరువాత వచ్చినాను. ఆలస్యానికి బద్ధకమే కారణం కనుక సాకులు చెప్పను. ఈసారి ప్రబంధకవుల ముచ్చట లేదు, శబ్దవ్యుత్పత్తి లేదు. ఛందస్సు మాత్రం ఒకచోట తొంగిచూస్తుంది. పండితశిక్షణ పొందినవాని బలహీనతగా దానిని మన్నించగలరు. ఈనాటి విషయం ఒక యంత్రం, దాని పూర్వకథ, దానివలన నాకు ఆలస్యంగా కలిగిన ఒక తెలివిడి.

మా కర్దనూర్ పటాన్‌చెరు మండలంలోని ఊరు. ఒక దిక్కున పరిశ్రమల వాడ, మరొక దిక్కున హైదరాబాదును చుట్టివచ్చే అవుటర్ రింగు రోడ్డు. ప్రొద్దున షిఫ్టు బస్సులు, సాయంత్రం షిఫ్టు బస్సులు. వాటి నడుమ మా దినాలు గడుస్తాయి. మా మేనల్లుడు ఒక మందుల కంపెనీలో పని చేస్తాడు. షిఫ్టు దిగిన తరువాత అతడు వేరే మనిషి. పెండ్లిళ్ళకు, బోనాలకు, వినాయక చవితికి పాటలు కట్టే బృందంలో తాళవాద్యాల భారమంతా అతనిదే. ఈ వేసవిలో పాత పెట్టెను అమ్మి క్రొత్త పెట్టె కొన్నాడు. కొన్న మొదటి వారమంతా ముఖం మాడ్చుకొని తిరిగినాడు.

“ఏమైందిరా?” అని అడిగినాను.

“మామా, పాతదాంట్ల కండ్లు మూసుకొని చేసెటోన్ని. దీంట్ల ఏది ఏడున్నదో దేవులాడుడే అయితున్నది. పాట మనసుల ఉంటది, చెయ్యి కాడికి వచ్చేసరికి పోతది” అన్నాడు.

ఆ చివరి మాట నన్ను పట్టుకొన్నది. పాట మనసులో ఉండి చేతి దగ్గరికి వచ్చేసరికి పోవుట! ఇది ఒక్క మావాని కష్టం కాదు. క్రొత్త వాద్యం చేతికి వచ్చిన ప్రతి తరమూ పడిన కష్టమే. దాని చరిత్ర కొంత చెప్పుకొందామని ఈ టపా.

*

ముందు యంత్రం సంగతి. దానిని సాంప్లర్ అంటారు. దీనికి తెలుగు చేయాలని రెండు దినాలు తంటాలు పడినాను. ‘నమూనా యంత్రం’ అంటే ప్రభుత్వ కార్యాలయపు దరఖాస్తు గుర్తుకు వచ్చినది. ‘నాదసంగ్రాహకం’ అంటే మా మేనల్లుడు “లేహ్యం పేరు లెక్కున్నది మామా” అన్నాడు. వాడు చెప్పినది నిజమే. హార్మోనియం, వయొలిన్ మన నోట పడి మన మాటలైనట్లే ఇదీ అవుతుంది. సాంప్లర్ అనే అందాం.

పెద్ద నిఘంటువు ఒకటి బల్లపై పరచినంత ఉంటుంది. పైన నాలుగు వరుసలలో నాలుగేసి చొప్పున పదహారు రబ్బరు ప్యాడ్లు, ఒక చిన్న తెర, కొన్ని మీటలు. దీనికి కంప్యూటరు తోడు అక్కరలేదు. ఏ ధ్వనినైనా, అది డప్పుదెబ్బ కానీ గజ్జెల చప్పుడు కానీ తలుపు గడియ కానీ, లోనికి తీసికొంటుంది. ఆ ధ్వనిని ముక్కలుగా కోసి ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క ప్యాడ్‌కు అప్పగించవచ్చు. వ్రేలితో తట్టితే ఆ ముక్క పలుకుతుంది. మనం తట్టిన క్రమాన్ని జ్ఞాపకం పెట్టుకొని, ఆగమనేవరకు తిప్పితిప్పి వాయిస్తుంది. బతుకమ్మ ఆటలో ఆడవారు వలయంగా తిరుగుతూ ప్రతి పాదం చివర అదే ఊతపదాన్ని అందుకొన్నట్లు ఇదీ తన చుట్టును తాను తిరుగుతుంది. తిరుగుడు మనకు క్రొత్త కాదు. తిప్పే చేయి క్రొత్తది.

*

క్రొత్త వాద్యం వచ్చినపుడు రాగం మారదు, పనివరుస మారుతుంది. ఇందుకు మొదటి సాక్షి వయొలిన్. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) ఈ పాశ్చాత్య వాద్యాన్ని కర్ణాటక సంగీతానికి తెచ్చినవారిలో ప్రథమగణ్యుడు. పాశ్చాత్యుడు నిలబడి, వాద్యాన్ని గడ్డం క్రింద ఇరికించి వాయిస్తాడు. మనవారు నేలపై కూర్చుండి, వాద్యపు తలను కుడిపాదం మీద ఆనించి, ఎడమచేయి తంత్రిపై జారుటకు స్వేచ్ఛ కల్పించినారు. గమకం పలకాలంటే చేయి జారాలి. చేయి జారాలంటే వాద్యం కదలకుండా ఉండాలి. అందుకు కాలు ఆధారమైనది. వాద్యం కొయ్యలో వారు మార్పు చేయలేదు, పట్టుకొనే పద్ధతి మార్చినారు. 1919లో ద్వారం వేంకటస్వామి నాయుడు గారు విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యే నాటికి దానిని పరదేశి వాద్యమనే ఊహ కూడ శ్రోతలకు మిగలలేదు.

రెండవ సాక్షి హార్మోనియం. పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ 1842లో హక్కుపత్రం పొందిన వాద్యానికి కాళ్ళతో గాలి కొట్టవలసి ఉండేది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంలో దానిని నేలపై కూర్చుండి ఒక చేత గాలి కొట్టుతూ మరొక చేత వాయించే పెట్టెగా మార్చినాడు. అప్పటినుండి అది సురభి నాటకశాలలకూ, పద్యనాటకాలకూ, భజన మందిరాలకూ ప్రాణమైనది. అయినా దాని స్వరాలు మెట్లవంటివి. మెట్టుకు మెట్టుకు మధ్య నిలువ చోటు లేదు. గమకం పలకదనే వాదంతో ఆలిండియా రేడియో 1940 మార్చిలో దానిని బహిష్కరించినది. 1971 వరకు ఆ నిషేధం సాగినది. ముప్ఫైయొక్క ఏండ్లు! ఆ కాలమంతా పల్లెలో పద్యం పాడే నటుడు దానినే ఆధారశ్రుతిగా పెట్టుకొని, మెట్ల మధ్యనున్న స్వరాన్ని తన గొంతుతో పలికినాడు. పెట్టె చేయలేనిది గొంతు చేసినది. వాద్యం పరిమితిని తెలిసికొని దాని ప్రక్కన తన పనిని పెట్టుకొనుట, ఇదీ ఒక అలవాటుపాటే.

మూడవ సాక్షి గ్రామఫోను. 1902 నవంబరులో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ బృందం గౌహర్ జాన్ పాట ముద్రించినది. గంటసేపు విస్తరించే రాగాన్ని మూడు నిమిషాలకు కుదించవలసి వచ్చినది. ఆమె కుదించినది. అంతకంటె నన్ను ఆకర్షించిన సంగతి మరొకటి. పాట ముగించి ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో పలికేది. మైనపు ముద్రలు జర్మనీలోని హానోవర్‌కు వెళ్ళి అక్కడ పలకలుగా అచ్చయ్యేవి. అక్కడి పనివారికి ఇది ఎవరి పాటో తెలియాలి గదా! యంత్రానికి ధ్వని దొరికితే చాలు, పేరు అక్కరలేదు. పేరు మనిషే పలకాలి. ఈ మాటను దయచేసి గుర్తుంచుకోండి. చివర మరల పని పడుతుంది.

*

ఇక సాంప్లర్ వంశవృక్షం. 1948లో పారిస్ రేడియోలో పియర్ షఫేర్ రైలు చప్పుళ్ళను పలకలపై ముద్రించి, వాటిని కూర్చి సంగీతమన్నాడు. 1963లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మెలోట్రాన్ అనే వాద్యం పుట్టినది. అందులో ప్రతి మెట్టు క్రింద ఒక టేపు ముక్క ఉంటుంది; మెట్టు నొక్కితే ఆ టేపులో ముద్రించిన వాద్యధ్వని పలుకుతుంది. ఎనిమిది సెకండ్లకు టేపు అయిపోతుంది, వ్రేలు తీయవలసినదే. 1979లో ఆస్ట్రేలియా నుండి ఫేర్‌లైట్ వచ్చినది. ధ్వనిని టేపుగా గాక అంకెలుగా దాచినది. అది కోటీశ్వరుల వస్తువు.

సామాన్యుని చేతికి దీనిని దింపినవారిలో ముఖ్యుడు అమెరికాలోని రోజర్ లిన్. 1980లో ఆయన తయారుచేసిన ఎల్‌ఎం-1 అనే తాళయంత్రంలో నిజమైన డ్రమ్ముల ధ్వనులున్నవి. ఆయన దానికి రెండు గుణాలు కల్పించినాడు. ఒకటి కాలదోషనివారణ: వాయించేవాని దెబ్బ అటునిటు జరిగితే యంత్రమే దానిని సమీపంలోని లెక్కలోనికి లాగుతుంది. దీనిని ఇప్పుడు క్వాంటైజ్ అంటున్నారు. రెండవది ఊపు: సరిసంఖ్యలో వచ్చే చిన్న దెబ్బలను కొంచెం వెనుకకు జరుపుట. మొదటిది మనిషి తప్పును దిద్దుతుంది. అలా దిద్దినందువలన పోయిన కులుకును రెండవది కొలత ప్రకారం తిరిగి ఇస్తుంది. ఈ రెంటినీ ఒకే మనిషి ఒకే పెట్టెలో పెట్టినాడంటే, దిద్దుటలో ఏదో పోతున్నదని ఆయనకు తెలిసే ఉండాలి.

1987లో ఇమ్యూ వారి ఎస్‌పి-1200 వచ్చినది. మొత్తం జ్ఞాపకశక్తి సుమారు పది సెకండ్లు. పది సెకండ్ల ధ్వనితో పాటంతా కట్టాలి. అందుకు న్యూయార్కు కుర్రవారు ఒక ఉపాయం కనిపెట్టినారు. 33 వేగంతో తిరుగవలసిన రికార్డును 45 వేగంతో త్రిప్పి ముద్రించి, తరువాత యంత్రంలో నెమ్మది చేసినారు. కొంచెం చోటు మిగిలినది, దానితోపాటు ఒక గరుకుదనం వచ్చినది. ఆ గరుకుదనమే తరువాత అందమని పేరు పొందినది. 1988లో రోజర్ లిన్ రూపకల్పనలో జపానుకు చెందిన అకాయ్ వారు ఎంపీసీ-60ను తెచ్చినారు. అందులో పదమూడు సెకండ్ల చోటు, పదహారు ప్యాడ్లు. నేడు మా మేనల్లుడు తట్టే నాలుగు నాలుగుల గడి అప్పటిదే.

తరువాత కంప్యూటర్లు బలిసినవి. 2012లో అదే వంశంలో వచ్చిన ఎంపీసీ రెనసాన్స్‌కు కంప్యూటరు తోడుంటేనే ప్రాణం. 2017లో ఎంపీసీ లైవ్, ఎంపీసీ ఎక్స్ వచ్చి మరల పెట్టె తన కాళ్ళపై తాను నిలిచినది. అన్నీ చేయగల కంప్యూటరు ఎదుట ఉండగా మనుషులు మరల పెట్టెను ఎందుకు కోరినారు? నాకు తోచిన సమాధానం ఇది. హద్దులున్న పొలంలోనే చేతికి దారి అలవాటవుతుంది. మావాడు ‘కండ్లు మూసుకొని’ అన్నది దానినే.

*

మన నాట ఈ మార్పులు మొదట సినిమా వాద్యబృందాలలో కనబడినవి. 1986లో వచ్చిన ‘పున్నగై మన్నన్’ చిత్రంలో ఇళయరాజా కంప్యూటరు సాయంతో సంగీతం కూర్చినారు; తెలుగువారు దానిని ‘డాన్స్ మాస్టర్’గా విన్నారు. అదే కాలంలో తెలుగు చిత్రాలలో రాజ్–కోటి జంట కీబోర్డులనూ యంత్రతాళాలనూ ధైర్యంగా వాడినది. తోటకూర సోమరాజు టి.వి.రాజు కుమారుడు, సాలూరి కోటేశ్వరరావు సాలూరి రాజేశ్వరరావు కుమారుడు. వందమంది వాద్యకారులను ఎదుట కూర్చుండబెట్టుకొన్న తరం బిడ్డలు యంత్రాన్ని ఒళ్ళోకి తీసికొన్నారు. వారి దగ్గర కీబోర్డులు వాయించిన దిలీప్ అనే యువకుడే తరువాత ఎ.ఆర్.రహమాన్.

పల్లెకు వచ్చినది ఆక్టోప్యాడ్. రోలాండ్ వారి మొదటి ఆక్టోప్యాడ్ 1985 నాటిది. ఎనిమిది ప్యాడ్లు, పుల్లలతో కొట్టాలి. మొదటి దానిలో సొంత ధ్వనులు లేవు, వేరొక పెట్టెను పలికించేది. తరువాతి వాటిలో ధ్వనులు లోపలే చేరినవి. మన ధ్వనిని మనమే ముద్రించుకొనేవి ఆ తరువాత వచ్చినవి. ఢోలక్, తబలా, డ్రమ్ములు, గజ్జెలు మోసికొని నలుగురు రావలసిన చోటికి ఒక్కడు మోటారుసైకిలుపై రాగలిగినాడు. మిగిలిన ముగ్గురు ఏమైనారు? పటాన్‌చెరు కంపెనీలలో వారిలో ఒకరిద్దరు సరుకులెత్తుట నేను చూచినాను. పనివరుస మారుటలో ఇదీ ఒక భాగమే, దాచిపెట్టను.

*

ఇప్పుడు మావాని చిక్కు. వాని పెట్టె ఏ కంపెనీదో చెప్పితే ప్రకటన అవుతుంది గనుక చెప్పను. ఈ యంత్రాలలో స్థూలంగా రెండు పనివరుసలున్నవి. మొదటిది ముక్కల పద్ధతి. నాలుగు తాళావర్తాల ముక్క ఒకటి చేయాలి, మరొకటి చేయాలి, తరువాత వాటిని దండగా గ్రుచ్చాలి. రెండవది చాప పద్ధతి. మొదలు నుండి తుది వరకు పాటను చాపలాగ పరచి, ఎక్కడ ఏది రావాలో అక్కడ నేయాలి. ఎంపీసీ వంశంలోనే ధ్వనుల మూట వేరుగా, వాయింపు క్రమం వేరుగా ఉండే పాత ఏర్పాటు ఎన్నో ఏండ్లు నడిచినది. 2024లో ప్రయోగరూపంగా వెలువడిన మూడవ తరం సాఫ్ట్‌వేరు ఆ రెంటినీ ఒక్కటి చేసి, చాప పద్ధతిని ముందుకు తెచ్చినది. పాతవారిలో కొందరు సంతోషించినారు, కొందరు సణిగినారు. మావాడు సణిగేవారి జట్టు.

వాని సణుగుడు నాకు అర్థమైనది. ఉద్యోగకాలంలో ప్రశ్నాపత్రాలు తెలుగు టైపురైటరుపై కొట్టేవాడను. దానిపై అక్షరం కంటికి కనబడే ముక్కలుగా ఉంటుంది: ఒక చోట తలకట్టు, ఒక చోట గుడి, మరొక చోట వత్తు. ‘స్త్రీ’ అని కొట్టాలంటే పైన కనబడే గుడిని పైన, క్రింద కనబడే వత్తులను క్రింద అతికించాలి. యూనికోడ్‌కు వచ్చినప్పుడు ఆ చేతి వరుస మొత్తం తలక్రిందులైనది. ఇక్కడ కంటి వరుస కాదు, నోటి వరుస. ముందు సకారం, తరువాత తకారం, రేఫ, అన్నింటి చివర ఈకారం. కంటికి ఈకారం సకారం నెత్తిన కనబడుతున్నా, చేయి దానిని చివరనే కొట్టాలి. ఒక నెల రోజులు పద్యం మనసులో ఉండి చేతి దగ్గరికి వచ్చేసరికి పోయినది. మీలో చాలమంది ఆ నెలను దాటివచ్చినవారే గదా! తరువాత తెలిసినది, ఆ వరుసే వర్ణక్రమమనీ, నేను బడిలో ముప్ఫై ఏండ్లు చెప్పినది దానినేననీ. యంత్రం నా పాఠాన్నే నాకు అప్పజెప్పినది.

ఆ అనుభవంతో వానికి మూడు సలహాలిచ్చినాను. ఒకటి, వారంపాటు పాటలు కట్టవద్దు, నాలుగు ప్యాడ్లతోనే ఆడుకో. రెండు, దినానికొక చిన్న ముక్క చేయి, దాచుకోకుండా చెరిపివేయి. దాచుకోవాలనే ఆశ చేతిని బిగిస్తుంది. మూడు, పాత పెట్టెలో ఏ ధ్వని ఏ మూలన ఉండేదో ఇందులోనూ అక్కడే పెట్టి, ఆ అమరికను ఖాళీ పలకగా దాచుకో. ప్రతి పాట అక్కడినుండే మొదలుపెట్టు. మొదటి రెండూ చేసినాడో లేదో తెలియదు. మూడవది చేసినాడు. పదిహేను దినాలలో ముఖం తేటపడినది.

*

కథ ఇక్కడితో ముగిస్తే ఇది యంత్రాల ముచ్చటగానే మిగిలేది.

మావాని ధ్వనుల మూటలో ఒక డప్పు ఉన్నది. సుమారు పదేండ్ల క్రితం బోనాల ముందటి దినం ఒక పెద్దాయన గడ్డిమంటకు డప్పు కాచి శ్రుతి చూచుకొంటూ వాయిస్తూ ఉండగా వీడు ఫోనులో ముద్రించినాడు. నాలుగేండ్ల క్రితం ఆ పెద్దాయన పోయినాడు. ఈ పదేండ్లలో ఆ డప్పు ఎన్ని పెండ్లి ఊరేగింపులలో మ్రోగినదో లెక్క లేదు. ఫైలు పేరు మాత్రం ‘డప్పు 7’.

ఆయన కుమారుడు పటాన్‌చెరులో సరుకులెత్తే పని చేస్తాడు. ఒకప్పుడు నా శిష్యుడు. ఒక ఆదివారం ఏదో పని మీద మా ఇంటికి వచ్చినాడు. మావాడు ఉత్సాహంగా క్రొత్త పెట్టెపై కట్టిన పాట వినిపించినాడు. అతడు తల ఊపుతూ విని, “మంచిగున్నది అన్నా. డప్పు ఎవరిది?” అని అడిగినాడు.

మేమిద్దరమూ మాట్లాడలేదు. తండ్రి దెబ్బను కొడుకు గుర్తుపట్టలేదు!

మావాడు పెట్టెను ముందుకు లాగుకొని వెదకినాడు. కారణం దొరికినది. పాత పెట్టెలో కాలదోషనివారణను ఎప్పుడూ ఆపి ఉంచేవాడు. క్రొత్తదానిలో అది పని చేస్తూ ఉన్న సంగతి చూచుకోలేదు. ముక్కలుగా కోసిన డప్పుదెబ్బలన్నీ పదహారవ వంతుల లెక్కలో బుద్ధిగా నిలబడి ఉన్నవి, ప్రార్థన గంటకు వరుసలో నిలిచిన పిల్లలలాగ. దానిని ఆపి, మొదట ముద్రించిన ధ్వనిని ఉన్నదున్నట్లుగా వినిపించినాడు.

అతడు కూర్చున్నవాడు లేచి నిలబడినాడు. “గిది మా నాయిన” అన్నాడు. కొంతసేపటికి, “ఎడమ చేతిల చిటికెన పుల్ల జర ఆగి పడతది సార్. చిన్నప్పుడు చెయ్యి ఇరిగిండె. అందుకే అట్ల. మా వాడకట్టుల అందరు గట్లనే నేర్చుకున్నరు” అన్నాడు.

డప్పు తెలియనివారికి రెండు మాటలు. కొయ్యచట్రానికి తోలు బిగించిన వాద్యం. కుడిచేత పొట్టి సిర్ర, ఎడమచేత సన్నని చిటికెన పుల్ల. సిర్ర బరువును మోస్తుంది, పుల్ల దానికి జవాబు చెప్పుతుంది. ఒక మనిషి విరిగిన చేతినుండి పుట్టిన ఆలస్యం ఒక వాడకట్టుకు బాణీ అయినది. యంత్రం దానిని దోషమనుకొన్నది.

నేను నవ్వలేకపోయినాను. యంత్రం చేసిన పని నేను ముప్ఫై ఏండ్లు చేసినాను. ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఒకటిన్నరకు చోటు లేదు. ఆ లెక్క పద్యానికి కావలసినదే. నేను దానిని పిల్లల నోటికి కూడ బిగించినాను. ఇదే శిష్యుడు పదవ తరగతిలో పండుగను గూర్చి వ్యాసం వ్రాస్తూ ‘డప్పు కాగవెడ్తరు’ అని వ్రాసినాడు. ఎర్రసిరాతో కొట్టివేసి ‘వేడి చేయుదురు’ అని దిద్దినాను. వేడి చేయుట ఎవరైనా చేస్తారు. కాగబెట్టుట అంటే తోలు పలికే హదును చెవితో తెలిసికొనుట. ఆ బిడ్డ తన తండ్రి విద్యకున్న మాటను సరిగా వ్రాసినాడు. నేను దానిని నాకు తెలిసిన లెక్కలోనికి లాగినాను. మార్కు కూడ తగ్గించినట్లు గుర్తు.

*

ప్రపంచంలో ఇటువంటి కథ పెద్దది ఒకటున్నది. 1969లో ‘ది విన్‌స్టన్స్’ అనే అమెరికా బృందం ‘ఆమెన్, బ్రదర్’ అనే పాటను ముద్రించినది. అందులో గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్ము వాద్యకారుడు ఆరేడు సెకండ్లు ఒంటరిగా వాయించినాడు. సాంప్లర్లు వచ్చిన తరువాత ఆ ఆరేడు సెకండ్లు వేలకొలది పాటలలో చేరినవి. ఆయన 2006లో నిరుపేదగా మరణించినాడు. ఆ ముక్కకు ప్రతిఫలంగా ఆయనకు ఒక్క పైసా అందలేదు. 2015లో శ్రోతలు చందాలు వేసికొని ఆ బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు ఇరవైనాలుగు వేల పౌండ్లు ఇచ్చినారు. కోల్‌మన్‌కు పేరైనా మిగిలినది. మన డప్పు కళాకారుల ధ్వనులు ఎన్ని పెట్టెలలో ఎన్ని అంకెల క్రింద ఉన్నవో! తోలు ముట్టిన చేతిని దూరంగా నిలబెట్టిన సమాజం ఆ తోలు ధ్వనిని మాత్రం పేరు లేకుండా ఇంట్లోకి తెచ్చుకొన్నది.

అదే కాలంలో దిద్దుబాటును ఆపివేసి పేరు పొందినవాడూ ఒకడున్నాడు. డెట్రాయిట్‌కు చెందిన జె డిల్లా తన ఎంపీసీ-3000పై దెబ్బలను లెక్కలోనికి లాగనీయక, చేతి ఊపును అట్లే ఉంచేవాడు. ఆయన కూడ 2006లోనే మరణించినాడు. ఆ పెట్టె నేడు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర సంస్కృతుల మ్యూజియంలో ఉన్నది. యంత్రానికి అలవాటుపడుట అంటే దానికి లొంగుట కాదని ఆయన పని చెప్పుతున్నది. బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ను పాదం మీదికి దించినది కూడ ఈ తెలివితోనే.

ఆ ఆదివారం సాయంత్రమే మావాడు ఫైలు పేరు మార్చినాడు. పెద్దాయన పేరు, ఊరు పేరు, వాయించిన సంవత్సరం. కుమారుడు అనుమతించినాడు గాని ఇక్కడ ఆ పేరు వ్రాయవద్దన్నాడు, అందుచేత వ్రాయలేదు. ఆ ధ్వని వాడిన పాటకు వచ్చిన డబ్బులో ఒక పాలు ఆ ఇంటికి పంపాలని ఇద్దరూ మాట అనుకొన్నారు. ఎంత అన్నది నేను అడగలేదు. క్రొత్త పెట్టెలో ఖాళీ పలకను కూడ మావాడు మరొకసారి మార్చినాడు. ఇప్పుడు దానిలో దిద్దుబాటు మొదటినుండీ ఆగి ఉంటుంది; కావలసినచోట, కావలసినంత, తానే పెట్టుకొంటాడు.

శిష్యుడు వెళ్ళేటప్పుడు వాని ఫోనులోనికి ఆ ధ్వని ఎక్కించి ఇచ్చినాము. గుమ్మం దగ్గర ఆగి, “సార్, మా అమ్మకు వినిపిస్త” అన్నాడు. వాని వ్యాసం సంగతి వానికి గుర్తున్నదో లేదో నేను అడగలేకపోయినాను. తరువాతి ఆదివారం అడుగుతాను.

మీ ప్రాంతాలలో డప్పును ఏమంటారు? పలక అంటారా, తప్పెట అంటారా? దాని పుల్లలకు ఏ పేర్లున్నవి, మంటకు కాచుటను ఏమంటారు? మీ ఇంటి మాటలోనే వ్యాఖ్యలుగా వ్రాయండి. ఏదీ దిద్దను.